మన్యానికి ఆరో షెడ్యూలు వచ్చి ఉంటే: ఊహాజిల్లాకు కావలసిన అసలు లెక్కలు

మీరు అడిగింది ఇది: 1950లో తూర్పు కనుమల ఏజెన్సీకి స్వయంపాలన దక్కినట్టు ఊహించి నవల రాస్తున్నారు. జెండా, రాజధాని, రాజ్యగీతం సిద్ధం. చదివినవాళ్లు మాత్రం "ఇది నడిచే పని కాదు" అంటున్నారు. లోపం ఎక్కడుంది?

జెండాలో లేదు. ఉప్పు ఎక్కడినుంచి వస్తుందో, ఫారెస్టు గార్డుకి జీతం ఎవరిస్తారో మీరు రాయలేదు. ఈ రెండూ తేలితే మిగతావి చాలావరకు వాటంతటవే కుదురుకుంటాయి.

ముందు చరిత్ర ఎక్కడ మలుపు తిరగాలన్నది చూద్దాం. చాలామంది అల్లూరి దగ్గర మొదలుపెడతారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరస దాడులు, 1924 మే 7న కొయ్యూరు దగ్గర అంతం. కథకి ఊపు ఉంటుంది, దేశానికి మాత్రం పునాది ఉండదు. కొండమీద పండేవి సామలు, చోళ్లు, కందులు, పసుపు. అడవిలో దొరికేవి చింతపండు, కరక్కాయ, కుంకుడు, తేనె. ఉప్పు, కిరోసిన్, బట్ట, ఎండుచేప అన్నీ కిందినుంచి ఎక్కాల్సిందే. ఘాటు దారులు మూసేస్తే ఒక వానాకాలం గడవడం కష్టం. అందుకే స్వతంత్ర మన్యం రాజ్యం వద్దు. భారతదేశంలోనే స్వయంపాలిత జిల్లాగా పెట్టండి.

దానికి అసలైన సందు 1947-49లో ఉంది. రాజ్యాంగసభ సలహాసంఘం కింద గిరిజన ప్రాంతాలకి రెండు ఉపసంఘాలు పనిచేశాయి. అస్సాం కొండలకి గోపీనాథ్ బర్దోలై అధ్యక్షుడు, మిగతా దేశానికి ఎ.వి. ఠక్కర్. మొదటిదాని నుంచి జిల్లా కౌన్సిళ్లున్న ఆరో షెడ్యూలు వచ్చింది. రెండోదాని నుంచి గవర్నరు, సలహామండలితో నడిచే ఐదో షెడ్యూలు వచ్చింది. 1935 చట్టం కింద మన ఏజెన్సీ "పాక్షిక మినహాయింపు ప్రాంతం" కాబట్టి ఠక్కర్ పద్దులో పడింది. మీ మలుపు ఇక్కడే: ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మార్చాలి.

ఎందుకు మారుతుంది? "గిరిజనులు గట్టిగా అడిగారు" అంటే చాలదు, ఢిల్లీకి భయం పుట్టాలి. ఆ భయం నిజచరిత్రలోనే ఉంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత తెలంగాణ కమ్యూనిస్టు దళాలు గోదావరి అడవుల్లోకి జరిగాయి. ఆరో షెడ్యూలు సభ ముందుకి వచ్చింది 1949 సెప్టెంబరులో. ఈ ఏడాది వ్యవధిలో "కొండవాళ్లకి ఏదో ఒకటి ఇవ్వకపోతే దళాలు భద్రాచలం దాటి రంపకి చేరతాయి" అని మద్రాసు నుంచి ఒక రహస్య నివేదిక వెళ్లినట్టు మీరు కల్పించుకోవచ్చు. 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది, కాబట్టి నివేదికని ఆగస్టు దాటనివ్వకండి.

ఇక మ్యాపు. మీరు పాడేరు నుంచి భద్రాచలం దాకా, అటునుంచి ఆదిలాబాద్ దాకా ఒకే రంగు పులిమారు. ఆదిలాబాద్ తీసేయండి. 1950లో అది హైదరాబాద్ రాష్ట్రం, పార్ట్ బి, అంటే పాత సంస్థానాల వర్గం. జోడేఘాట్‌లో 1940లో కొమరం భీం మరణించాక అక్కడి కథ వేరే దారిన, నిజాం గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ దారిన నడిచింది. 1956 నవంబరు 1 దాకా రెండూ ఒక గూటి కిందికి రావు. కోరాపుట్ వైపూ చెయ్యి చాపొద్దు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడే జయపురం ఎస్టేటు అటు వెళ్లిపోయింది. తీసుకోవాలనుకుంటే ఒడిశాతో తగాదా కూడా రాయాలి, అది వేరే నవల అవుతుంది.

మిగిలిన ముక్క కూడా ఒక జిల్లాగా నడవదు. పాడేరు మనిషికి పని పడితే నర్సీపట్నం వైపో విశాఖ వైపో దిగుతాడు. రంపచోడవరం మనిషి రాజమండ్రి దిగుతాడు. భద్రాచలానికి గోదావరి మీద వంతెన 1965లో గాని రాలేదు. 1952లో పాడేరు సభ్యుడు భద్రాచలంలో సమావేశానికి వెళ్లాలంటే మైదానానికి దిగి, రాజమండ్రి చేరి, లాంచీలో పాపికొండల మీదుగా పైకి వెళ్లాలి. కొండలోంచి కొండలోకి వెళ్లడానికి రేవు దాకా దిగాలన్నమాట. అలాంటి కౌన్సిల్ ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే గొప్ప. అందుకే రెండు జిల్లాలు చేయండి: పాడేరు కేంద్రంగా ఒకటి, రంపచోడవరం కేంద్రంగా ఇంకొకటి. రెండోదాంట్లో భద్రాచలం, నూగూరు వైపు కోయలకి విడిగా ప్రాంతీయ కౌన్సిల్ పెట్టొచ్చు. ఒక జిల్లాలో వేర్వేరు తెగలుంటే గవర్నరు దాన్ని స్వయంపాలిత ప్రాంతాలుగా విడగొట్టవచ్చని షెడ్యూలు మొదటి పేరాలోనే ఉంది. అప్పుడు కోయ పెద్దలకీ కొండరెడ్డి పెద్దలకీ మధ్య సీట్ల పేచీ సహజంగా పుడుతుంది. కథకి అదీ పనికొస్తుంది.

సభ్యుల సంఖ్య మీరు 60 పెట్టారు. షెడ్యూలు అసలు పాఠం ప్రకారం జిల్లా కౌన్సిల్‌కి 24 మందికి మించకూడదు, వారిలో కనీసం నాలుగింట మూడొంతుల మంది వయోజన ఓటుతో ఎన్నికవ్వాలి. 30కి పెంచింది తర్వాతి సవరణ. అంటే మీ కాలానికి 18 మంది ఎన్నికైనవాళ్లు, 6గురు గవర్నరు నియమించినవాళ్లు. ఇప్పుడు పదో పేరా చూడండి. గిరిజనేతరుల వడ్డీ వ్యాపారాన్ని, వర్తకాన్ని అదుపు చేసే నిబంధన చేయాలంటే మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలి. 24లో మూడొంతులు సరిగ్గా 18. ఎన్నికైన ప్రతి ఒక్కరూ వచ్చి, ప్రతి ఒక్కరూ చెయ్యెత్తితేనే షావుకారు మీద చట్టం. ఒక్కడికి మన్యం జ్వరం వచ్చినా, ఒక్కడు పాత బాకీ గుర్తొచ్చి తలొంచుకున్నా, నియమిత సభ్యుడి కాళ్లు పట్టుకోవాలి. మీ నవలలో మంచి అధ్యాయం ఇదే అనిపిస్తుంది, మీరు దాన్ని రాయనే లేదు. పైగా నిబంధన నెగ్గినా, అప్పటికే వ్యాపారం చేస్తున్నవాడికి లైసెన్సు కాదనే వీల్లేదు. పాత షావుకారు అలాగే ఉంటాడు, కొత్తవాడు రాకుండా ఆగుతాడు. ఫలితంగా పాతవాడికి పోటీ లేకుండా పోతుంది!

అడవి దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఊహాజిల్లాలు సాధారణంగా కూలేది ఇక్కడే. "అడవి మీద సర్వహక్కులు కౌన్సిల్‌వే" అని రాశారు. షెడ్యూలు ఇచ్చేది "రిజర్వు ఫారెస్టు కాని అడవి" మీద అధికారం మాత్రమే. మన ఏజెన్సీలో 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు చేసిన భాగాలు చాలా ఉన్నాయి. పోడు అలవాట్లకీ రిజర్వు గీతకీ మధ్య గొడవ కూడా ఆ చట్టంతోనే ముదిరింది. పోడు వ్యవసాయాన్ని క్రమబద్ధం చేసే అధికారం కౌన్సిల్‌కి ఉంటుంది, కానీ పోడు కొట్టే కొండ రిజర్వులో ఉంటే ఆ అధికారం కాగితం మీదిదే.

ఊరి స్థాయిలో ఇది ఎలా కనిపిస్తుందో చూడండి. ఒక ఊరికి మూడు రకాల భూమి ఉంటుంది. గెడ్డ పక్కన పల్లం, అందులో వరి. పైన చదునుగా గరువు, అందులో చోళ్లు, సామలు. దాని పైన కొండపోడు. గరువు అంచు దాకా కౌన్సిల్ రాజ్యం. అక్కడ రాళ్లు పేర్చిన గుట్ట ఒకటుంటుంది, అదే రిజర్వు లైను. గుట్టకి ఇవతల చెట్టు కొడితే కౌన్సిల్ రశీదు, అవతల కొడితే ఫారెస్టు కేసు. గార్డు జీతం రాష్ట్ర ప్రభుత్వానిది, అతన్ని బదిలీ చేసే అధికారం కౌన్సిల్ ముఖ్యుడికి ఉండదు. కాబట్టి మ్యాపులో రెండో గీత గీయండి. ముందు జిల్లా సరిహద్దు, తర్వాత దాని లోపల రిజర్వు లైను. రెంటికీ మధ్య మిగిలిన నేలే మీ దేశం. చూసేసరికి చాలా చిన్నదిగా ఉంటుంది.

ఖజానాకి వద్దాం. కౌన్సిల్ వేయగలిగే పన్నులు ఇవి: భూమిశిస్తు, వృత్తిపన్ను, బండ్లు, పశువులు, పడవల మీద పన్ను, సంతలోకి వచ్చే సరుకు మీద పన్ను, రేవు రుసుము, బడులు, మందులశాలలు, రోడ్ల నిర్వహణకి పన్ను. ఒక ఊహాలెక్క వేద్దాం, అంకెలు నావి, మీకు నచ్చినట్టు మార్చుకోండి. 40 సంతలు, ఒక్కోటి ఏడాదికి 50 వారాలు. వారానికి 200 కావిళ్లు, కావిడికి అణా. మొత్తం 4 లక్షల అణాలు, అంటే 25,000 రూపాయలు. ఎదురుగా 200 ప్రాథమిక బడులు, బడికి ఒక పంతులు, నెలకి 40 రూపాయల జీతం. ఏడాదికి 96,000. బడులు కౌన్సిల్ పనుల్లోనివే కనుక ఆ ఖర్చు తప్పదు. సంతలు నాలుగింతలు చేస్తే లక్ష వస్తుంది, అది పంతుళ్ల జీతాలకే సరిపోతుంది. మిగిలింది రాష్ట్రం ఇచ్చే గ్రాంటు. అది ఏప్రిల్‌లో రావాల్సింది నవంబరులో వస్తే పంతులు బడికి తాళం వేసి కిందికి దిగిపోతాడు. స్వయంపాలనకి అసలు పగ్గం గవర్నరు సంతకం కంటే ఈ గ్రాంటు తేదీయే. మీ ప్రతినాయకుడు పోలీసు సూపరింటెండెంటు కాకుండా ట్రెజరీ గుమాస్తా అయితే ఇంకా నమ్ముతారు.

భూమిశిస్తు పెంచితే? అక్కడ ముఠాదారు ఉన్నాడు. ఊళ్ల గుంపుకి శిస్తు వసూలు చేసి సర్కారుకి కట్టే మనిషి అతను. నిజచరిత్రలో ముఠాల రద్దుకి రెగ్యులేషన్ వచ్చింది 1969లో. కౌన్సిల్ మొదటి ఎన్నికల్లో పేరూ పలుకుబడీ ఉన్నది ముఠాదార్లకే. మీరు చదువుకున్న యువనాయకులతో సభ నింపారు, 1952 మన్యంలో వాళ్లు వేళ్లమీద లెక్కించేంత మందే. అదే ఏడాది లుషాయి కొండల్లో (ఇప్పటి మిజోరం) సామాన్యుల పార్టీ మిజో యూనియన్ గెలిచింది, 1954లో అక్కడ నాయకుల హక్కులు రద్దయ్యాయి. అక్కడ మిషన్ బడుల అక్షరాస్యత ఉంది, ఒక్క భాష ఉంది. ఇక్కడ కోయ, కువి, గదబ, ఆదివాసీ ఒడియా, వీటన్నిటి మధ్య సంతభాషగా తెలుగు. సమావేశం నడిచేది తెలుగులో, మినిట్స్ రాసేది కిందినుంచి వచ్చిన గుమాస్తా. అతను ఏం రాశాడో చదివి సరిచూడగలిగే సభ్యులు ఎందరన్నది మీరు ముందే తేల్చుకోవాలి.

న్యాయస్థానాల్లో మీరు చూడని కన్నం ఒకటుంది. కౌన్సిల్ పెట్టే గ్రామ న్యాయస్థానాలు రెండు పక్షాలూ షెడ్యూల్డు తెగలవారైన వ్యాజ్యాలే వింటాయి. గట్టు తగాదా, పెళ్లి విడుపు, పశువు దొంగతనం అన్నీ అక్కడ తెములుతాయి, ఊరి నాయుడు, పెద్దలు కూర్చుని ఒక పూటలో తేలుస్తారు. అప్పు కేసులో ఒక పక్షం షావుకారు. ఆ కేసు మామూలు కోర్టుకి పోతుంది. అప్పుకింద మనిషినే చాకిరీకి కట్టేసుకునే గోతి పద్ధతి మీద 1940లోనే మద్రాసు రెగ్యులేషన్ వచ్చింది, దాని అమలు సంగతి తెలిసిందే. మనుషుల్ని ఎక్కువగా ముంచే వ్యాజ్యాలకి మీ సొంత కోర్టు తలుపు మూసి ఉంటుందన్నమాట.

కౌన్సిల్‌కి గట్టి పట్టు ఉన్న చోటు కల్లు. ఇది చాలామందికి తట్టదు. స్వేదనం చేయని మత్తుపానీయాల వాడకాన్ని నిషేధించే రాష్ట్ర చట్టం, కౌన్సిల్ ఒప్పుకుంటే తప్ప స్వయంపాలిత జిల్లాలో వర్తించదు. మద్రాసు మద్యనిషేధ చట్టం 1937ది. 1879 రంప తిరుగుబాటుకి ఒక కారణం కల్లు మీద చిగురుపన్ను. ఈ మూడూ కలిపి చూడండి: కౌన్సిల్ మొట్టమొదటి తీర్మానం "జీలుగు కల్లు మనది" అని ఉండటం కంటే సహజమైనది లేదు. ఇప్పసారా మాత్రం బట్టీలో కాచేది కనుక ఆ రక్షణలోకి రాదు. జీలుగు చెట్టు ఎక్కినవాడు నిశ్చింతగా ఉంటే, పక్కింట్లో ఇప్పపూలు నానబెట్టినవాడి మీద ఎక్సైజు దాడి జరుగుతుంది.

ఇప్పుడు మీ నవలకి గుండెకాయ లాంటి భూమిచట్టం. ఇక్కడ నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. స్వయంపాలన వస్తే భూమి నిలుస్తుందని మీరు ధీమాగా రాశారు. గిరిజనుల భూమి ఏజెంటు (ఏజెన్సీ అధికారి) అనుమతి లేకుండా బయటివాళ్లకి పోకూడదని 1917 చట్టమే చెప్పింది. 1959 రెగ్యులేషన్ దాన్ని బిగించింది. గిరిజనేతరుల మధ్య బదిలీని కూడా ఆపి, వాళ్ల చేతిలోని భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని మొదట అనుకోవాలన్నది 1970 నాటి 1/70. ఈ చివరి రెండూ ఐదో షెడ్యూలు గవర్నరుకి ఇచ్చిన అధికారంతో వచ్చాయి. మీ లోకంలో ఆ అధికారం లేదు, చట్టం కౌన్సిలే చేయాలి. ముఠాదార్ల కౌన్సిల్ 1953లోనే 1/70 లాంటిది చేస్తుందా? చేస్తే డెల్టా నుంచి వలస 17 ఏళ్ల ముందే ఆగుతుంది, భద్రాచలం చుట్టూ మొత్తం బొమ్మే మారుతుంది. చేయకపోతే నిజచరిత్రకంటే ఘోరం, ఎందుకంటే పైనుంచి దిద్దేవాడు లేడు. వయోజన ఓటు కనుక వలస వచ్చినవాళ్లూ ఓటేస్తారన్నది మరవొద్దు. ఆలస్యమైన ప్రతి ఎన్నికా చట్టాన్ని ఇంకాస్త దూరం నెడుతుంది.

ఇంకో ముడి. 1/70 వచ్చిన సందర్భం శ్రీకాకుళం పోరాటం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోయారు. 1970 జులైలో పోరాట నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం మరణించారు. మీ లోకంలో పార్వతీపురం ఏజెన్సీ స్వయంపాలిత జిల్లాలో ఉందా లేదా అన్నది మొదటి అధ్యాయంలోనే తేల్చాలి. బయట ఉంచితే పోరాటం యథాతథంగా రాయొచ్చు, లోపలున్నవాళ్లు దాన్ని ఎలా చూశారన్నది మంచి కోణం.

తీసేయాల్సినవి కొన్ని. గిరిజన ప్రాంతాల్లో ప్రైవేటు గనుల లీజులు చెల్లవన్న 1997 సమతా తీర్పు మీ లోకంలో పుట్టదు, అది ఐదో షెడ్యూలు, 1/70 మీద నిలబడినది. షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకి అధికారాలిచ్చిన 1996 పెసా చట్టం కూడా అంతే. బాక్సైటు గొడవ ఉంటుంది, కానీ ఆరో షెడ్యూలు తొమ్మిదో పేరా ప్రకారం రాయల్టీలో వాటా ఎంతన్న బేరంగా నడుస్తుంది. ఆ బేరంలో కౌన్సిల్ రెండుగా చీలుతుంది. కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని కౌన్సిల్ ఆపినట్టు రాశారు. రైల్వే కేంద్రానిది, ఇనుపఖనిజం బైలదిల్లాది. మీకు దక్కేది చప్పుడు, సొరంగాలు తవ్విన కూలి డబ్బులు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కూడా ఆగదు, ప్రజోపయోగానికి భూసేకరణ చేసే హక్కు రాష్ట్రానికి అలాగే ఉంది. 1955లో కరెంటు మొదలవుతుంది, లైన్లు కొండ ఊళ్ల మీదుగా విశాఖ వైపు సాగిపోతాయి.

తేదీలు. మొదటి ఎన్నిక మీరు ఏప్రిల్‌లో పెట్టారు. చైత్రంలో ఇటుకల పండుగ, మగవాళ్లు వేటకి పోతారు, పోడు కొట్టి కాల్చే పని కూడా ఆ రోజుల్లోనే. జులై నుంచి అక్టోబరు దాకా గెడ్డలు పొంగి దారులుండవు. పంట ఇంటికొచ్చి, సంతలు నిండుగా ఉండే జనవరి మేలు. 1952 జనవరి అయితే దేశంలో తొలి సాధారణ ఎన్నికలతోనూ కలుస్తుంది, బ్యాలెట్ పెట్టెలు మోసే మనుషులూ దొరుకుతారు.

ఆఖరుగా, సంత సన్నివేశంలో కిలోలు, పైసలు వాడారు. 1957 ఏప్రిల్ 1కి ముందు అణాలే, తర్వాత అణాకి 6 కొత్త పైసలు లెక్క. చింతపండు వీశెల్లో, మణుగుల్లో తూస్తారు, 8 వీశెలు ఒక మణుగు. ధాన్యం మానికలతో, కుంచాలతో కొలుస్తారు, 4 మానికలు ఒక కుంచం. సంతలు కౌన్సిల్ చేతిలో ఉన్నాయి కనుక, సంత మొదట్లో చెట్టుకింద ఇనుపకట్టు వేసిన కౌన్సిల్ కుంచం ఒకటి గొలుసుతో కట్టి ఉంచండి. షావుకారు దగ్గర రెండు కుంచాలుంటాయి, కొనేటప్పుడు పెద్దది, అమ్మేటప్పుడు చిన్నది. కావిడి దించిన మనిషి చోళ్లని ముందు చెట్టుకింద కొలిపించుకుని, తర్వాత అంగడికి వెళతాడు. అక్కడ అర మానిక తగ్గుతుంది. బారికిని (ఊరి సేవకుణ్ణి) పిలవాలా, ఉప్పు కొనుక్కుని చీకటి పడకముందే కొండెక్కాలా అని అతను ఆలోచిస్తున్న చోట మీ మొదటి అధ్యాయం మొదలుపెట్టండి.